సముద్రపు నీటిలో చేపల జాడ: మత్స్య నిల్వల పర్యవేక్షణలో పర్యావరణ డి.ఎన్.ఏ.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మత్స్య నిల్వల అంచనాలో పట్టుబడి లెక్కలు మాత్రమే ఎందుకు చాలవో వివరించగలుగుతారు.
- పర్యావరణ డి.ఎన్.ఏ. అంటే ఏమిటో, అది నీటిలోకి ఎలా చేరుతుందో చెప్పగలుగుతారు.
- నమూనా సేకరణ నుంచి జాతి గుర్తింపు వరకు ఉన్న దశలను వరుసగా రాయగలుగుతారు.
- ఈ పద్ధతి ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో, ఏ ప్రశ్నకు చెప్పలేదో వేరు చేసి చూపగలుగుతారు.

1. పరిచయం

పశువులను లెక్కించాలంటే ఊరూరా తిరిగి లెక్కించవచ్చు. అడవిలో చెట్లనైనా కొంత విస్తీర్ణాన్ని కొలిచి అంచనా వేయవచ్చు. సముద్రంలోని చేపల విషయంలో ఈ రెండూ కుదరవు. అవి కంటికి కనిపించవు, ఒక్కచోట నిలవవు. అందువల్ల ఒడ్డుకు వచ్చిన చేపలను చూసి నీటిలో మిగిలిన చేపలను ఊహించడం చాలాకాలంగా ఆనవాయితీగా ఉంది.

ఈ ఊహ తప్పితే ఏమవుతుందో కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ ఉదంతం చూపుతుంది. అక్కడ కాడ్ చేపల వేట కొన్ని శతాబ్దాలుగా సాగింది. 1980లలో పెద్ద ట్రాలర్లకు చేప బాగానే దొరికింది. నిల్వ బాగానే ఉందన్న అంచనాలకు ఆ పట్టుబడి అంకెలు బలం చేకూర్చాయి. నిజానికి కాడ్ సంఖ్య తగ్గుతూ వచ్చింది. మిగిలిన చేపలు గుంపులుగా కొన్ని చోట్లకు చేరాయి. ఆ గుంపులను వెతికి పట్టే పరికరాలు కూడా మెరుగయ్యాయి. కాబట్టి నిల్వ తరిగిపోతున్నా వల నిండుతూనే ఉంది. చివరకు 1992 జూలైలో కెనడా ప్రభుత్వం ఉత్తర కాడ్ వేటను నిలిపివేసింది. సుమారు 30,000 మంది ఉపాధి కోల్పోయారు.

ఈ ఉదాహరణలోని పాఠం ఒక్కటే. వలలో పడిన చేప, సముద్రంలో ఉన్న చేప రెండూ ఒకటి కావు. వలతో సంబంధం లేకుండా నిల్వ గురించి సమాచారం ఇచ్చే మరొక ఆధారం అవసరం. అటువంటి ఆధారాలలో కొత్తది పర్యావరణ డి.ఎన్.ఏ.

2. వాడుకలో ఉన్న పద్ధతులు

కొత్త పద్ధతి విలువ తెలియాలంటే పాత పద్ధతుల బలాబలాలు తెలియాలి. అవి ముఖ్యంగా మూడు.

(అ) రేవులలో పట్టుబడి అంచనా: మన దేశంలో 1947లో స్థాపించిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తీరం పొడవునా చేపల రేవులలో నమూనా పద్ధతిలో వివరాలు సేకరించి, ఏటా ఎంత చేప ఒడ్డుకు చేరిందో అంచనా వేస్తుంది. ఏ జాతి, ఏ పొడవు, ఏ రకం వల అన్న వివరాలన్నీ ఇందులో దొరుకుతాయి. అయితే ఇది వేట జరిగిన చోటును, వేట జరిగిన రోజును మాత్రమే చూపుతుంది.

(ఆ) సర్వే నౌకల ట్రాలింగ్: నిర్ణీత స్థలాలలో నిర్ణీత సమయంపాటు వల లాగి, పడిన చేపలను లెక్కిస్తారు. వ్యాపార వేటతో దీనికి సంబంధం ఉండదు. కానీ ఖర్చు ఎక్కువ. రాతి నేలలపై, పగడపు దిబ్బలపై వల లాగలేరు. వేగంగా ఈదే చేపలు వలను తప్పించుకుంటాయి. చిన్నవి కన్నుల గుండా జారిపోతాయి.

(ఇ) ధ్వని సర్వే: ఓడ అడుగు నుంచి ధ్వని తరంగాలను పంపి, చేపల గుంపులను తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని కొలుస్తారు. గుంపు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ గుంపు కవళ్లదా, నెత్తళ్లదా అన్నది ప్రతిధ్వని ఒక్కదానితో నిర్ధారించడం కష్టం. అందుకే పక్కనే వల కూడా వేసి చూస్తారు.

3. పర్యావరణ డి.ఎన్.ఏ. అంటే ఏమిటి?

ప్రతి చేప తాను తిరిగిన నీటిలో తన ఆనవాళ్లను వదులుతుంది. చర్మంపై జిగురు, రాలిన కణాలు, పొలుసులు, మలమూత్రాలు, గుడ్లు, శుక్రం వీటన్నిటిలో ఆ చేప డి.ఎన్.ఏ. ఉంటుంది. ఇలా జీవి శరీరం నుంచి విడిపోయి నీటిలో, మట్టిలో, గాలిలో ఉండే డి.ఎన్.ఏ.ను పర్యావరణ డి.ఎన్.ఏ. అంటారు. జీవిని పట్టకుండా, చూడకుండా, అది ఉన్న పరిసరం నుంచి దాని ఉనికిని గుర్తించడం ఈ పద్ధతిలోని మూలసూత్రం.

మట్టిలోని సూక్ష్మజీవుల అధ్యయనంలో ఈ ఆలోచన ముందుగా మొదలైంది. పెద్ద జంతువుల విషయంలో 2008లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చెరువు నీటిని పరీక్షించి, అక్కడికి బయటి నుంచి వచ్చి చేరిన అమెరికా బుల్‌ఫ్రాగ్ అనే కప్ప ఉనికిని గుర్తించారు. 2012లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఎల్సినోర్ వద్ద సముద్రంలో అర లీటరు నమూనాలు తీసి 15 చేప జాతుల డి.ఎన్.ఏ.ను కనుగొన్నారు. వాటిలో ఆహారంగా వాడే ముఖ్య జాతులతో పాటు, మామూలు సర్వేలలో అరుదుగా కనిపించేవి కూడా ఉన్నాయి.

ఈ డి.ఎన్.ఏ. నీటిలో శాశ్వతంగా ఉండదు. సూక్ష్మజీవులు, సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, ఉష్ణోగ్రత దానిని ముక్కలు చేస్తాయి. సముద్రపు నీటిలో అది కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల వరకే గుర్తించదగిన స్థితిలో ఉంటుంది. విద్యార్థులు దీనిని లోపంగా భావించరాదు. ఎప్పటికీ చెరగకపోతే నిరుటి చేపకు, నేటి చేపకు తేడా తెలిసేది కాదు. త్వరగా చెరిగిపోతుంది కాబట్టే ఇప్పుడు దొరికిన జాడ ఇటీవలిదని చెప్పగలుగుతున్నాము.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(i) న్యూఫౌండ్‌లాండ్‌లో పట్టుబడి అంకెలు నిల్వ తగ్గుదలను ఎందుకు చూపలేదు?
(ii) డి.ఎన్.ఏ. త్వరగా క్షీణించడం వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?

4. పద్ధతిలోని దశలు

4.1 నీటి సేకరణ: ఒక్కో స్థలంలో సాధారణంగా ఒకటి రెండు లీటర్ల నీరు తీస్తారు. ఉపరితలంలో తిరిగే చేపలు, అడుగున తిరిగే చేపలు వేరు కాబట్టి వేర్వేరు లోతుల నుంచి తీయడం మంచిది. సీసాలను, చేతి తొడుగులను ప్రతిసారీ మార్చాలి లేదా బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేయాలి. మధ్యాహ్నం చేపల కూర తిన్న చేతితో సీసా మూత తీసినా ఆ చేప జాడ ఫలితంలో కనిపించే ప్రమాదం ఉంది.

4.2 వడపోత: నీటిని ఒక మైక్రోమీటరు కంటే చిన్న రంధ్రాలున్న వడపోత కాగితం గుండా పంపుతారు. డి.ఎన్.ఏ. ఉన్న కణాలు, కణశకలాలు దానిపై నిలుస్తాయి. వడపోత ఆలస్యమైతే డి.ఎన్.ఏ. క్షీణిస్తుంది. అందుకే వీలైతే పడవ మీదే వడపోసి, కాగితాన్ని అతిశీతలంలో గానీ, నిల్వ ద్రావణంలో గానీ భద్రపరుస్తారు. ప్రతి విడతలోనూ డి.ఎన్.ఏ. లేని శుద్ధజలాన్ని కూడా అదే విధంగా వడపోస్తారు. దీనిని ఖాళీ నమూనా అంటారు. అందులో చేప జాడ కనిపిస్తే ఎక్కడో కలుషితం జరిగిందని అర్థం.

4.3 డి.ఎన్.ఏ. వర్ధనం: కాగితం నుంచి వేరుచేసిన డి.ఎన్.ఏ. అతి స్వల్పం. పి.సి.ఆర్. అనే ప్రక్రియ ద్వారా కావలసిన భాగాన్ని మాత్రమే రెట్టింపు చేస్తూ పోతారు. ఒక్క ప్రతితో మొదలుపెట్టి, ప్రతిసారీ సరిగ్గా రెట్టింపైతే, 30 ఆవృత్తాలలో సుమారు 107 కోట్ల ప్రతులవుతాయి. ఏ భాగాన్ని పెంచాలో నిర్ణయించే చిన్న డి.ఎన్.ఏ. ముక్కలను ప్రైమర్లు అంటారు.

కణకేంద్రకంలోని డి.ఎన్.ఏ. కంటే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.కు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ. ఒక కణంలో దాని ప్రతులు వందల నుంచి వేల వరకు ఉంటాయి కాబట్టి అది దొరికే అవకాశం హెచ్చు. చేపల కోసం 2015లో జపాన్ శాస్త్రవేత్తలు మిఫిష్ అనే ప్రైమర్లను రూపొందించారు. ఇవి మైటోకాండ్రియాలోని 12ఎస్ అనే జన్యువులో సుమారు 170 అక్షరాల పొడవున్న భాగాన్ని పట్టుకుంటాయి. ఆ భాగానికి రెండు చివరలూ దాదాపు అన్ని చేపలలో ఒకేలా ఉంటాయి. అందువల్ల ఒకే ప్రైమర్ల జత సరిపోతుంది. మధ్యభాగం జాతిని బట్టి మారుతుంది. అందువల్ల జాతి తెలుస్తుంది. ఒకినావాలోని చురౌమి అక్వేరియంలో, ముందే తెలిసిన 180 జాతులున్న తొట్ల నీటిని పరీక్షిస్తే 168 జాతులు బయటపడ్డాయి.

4.4 గుర్తింపు: ఇందులో రెండు మార్గాలున్నాయి. ఒకే జాతి ఉందో లేదో, ఎంత డి.ఎన్.ఏ. ఉందో తెలుసుకోవడానికి పరిమాణాత్మక పి.సి.ఆర్. వాడతారు. నీటిలోని చేపలన్నిటినీ ఒకేసారి తెలుసుకోవడానికి మెటాబార్‌కోడింగ్ వాడతారు. రెండవ మార్గంలో డి.ఎన్.ఏ. అక్షరక్రమాలను యంత్రంతో చదివి, జాతుల పేర్లతో సహా భద్రపరచిన ఆధార గ్రంథాలయంతో పోలుస్తారు. ఆ గ్రంథాలయంలో లేని చేపకు యంత్రం పేరు చెప్పలేదు. కాబట్టి చేపను చేతిలోకి తీసుకుని, రెక్క ముళ్లు లెక్కించి జాతిని నిర్ధారించే వర్గీకరణ శాస్త్రజ్ఞుని అవసరం ఈ పద్ధతితో తగ్గలేదు, పెరిగింది.

5. ఒక అధ్యయనం: మైజురు అఖాతం

జపాన్ పశ్చిమ తీరంలో మైజురు అనే చిన్న అఖాతం ఉంది. అక్కడ 14 సంవత్సరాలపాటు శాస్త్రజ్ఞులు నీటిలోకి దిగి, కంటికి కనిపించిన చేపలను క్రమం తప్పకుండా నమోదు చేశారు. ఇంత దీర్ఘకాలపు రికార్డు ఉన్న చోట కొత్త పద్ధతిని పరీక్షించడం ఉచితమని భావించి, 2014లో పరిశోధకులు సుమారు 11 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో 47 చోట్ల నీరు తీశారు. సేకరణకు పట్టిన సమయం 6 గంటలు.

ఫలితాలను 2017లో ప్రచురించారు. ఆ నీటిలో 128 చేప జాతుల డి.ఎన్.ఏ. కనిపించింది. 14 ఏళ్ల ప్రత్యక్ష పరిశీలనలో కనిపించిన జాతులలో 62.5 శాతం ఈ ఆరు గంటల నీటిలోనే బయటపడ్డాయి. ఆ ప్రాంతానికి చెందినవే అయినా పరిశీలకుల కంటపడని జాతులు మరో 23 అయినా ఉన్నాయి.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవడం అలవాటు చేసుకోవాలి. ఒక పూట పనితో ఇంత సమాచారం రావడం గొప్ప విషయమే. అదే సమయంలో, కంటికి కనిపించిన జాతులలో 37.5 శాతం ఆ నీటిలో దొరకలేదు. ఇతర రుతువులలో వచ్చే చేపలు ఆ రోజు అక్కడ ఉండవు. ఉన్నవాటిలోనూ అరుదైనవి సీసాలోకి రాకపోవచ్చు. కాబట్టి "డి.ఎన్.ఏ. దొరకలేదు" అంటే "చేప లేదు" అని అర్థం కాదు.

దీనికి ఒక చిన్న లెక్క చూడండి. చేప ఉన్న చోట ఒక సీసా నీటిలో దాని డి.ఎన్.ఏ. దొరికే అవకాశం సగం అనుకుందాం. ఒక సీసాతో తప్పిపోయే అవకాశం 1/2. మూడు సీసాలు విడివిడిగా తీస్తే, మూడింటిలోనూ తప్పిపోయే అవకాశం 1/2 × 1/2 × 1/2 = 1/8. ఐదు తీస్తే 1/32. ఒకేచోట పలు నమూనాలు తీయమనడానికి కారణం ఇదే.

అదే అఖాతంలో గుర్రపు మాకెరెల్ చేపపై చేసిన అధ్యయనం మరో విషయం చూపింది. మొత్తం మీద డి.ఎన్.ఏ. గాఢత, ధ్వని సర్వేలో తేలిన చేపల రాశి కలిసి నడిచాయి. కానీ టోకు చేపల మార్కెట్ దగ్గర నీటిలో డి.ఎన్.ఏ. అసాధారణంగా ఎక్కువగా ఉంది. అది ఈదుతున్న చేపలది కాదు, మార్కెట్‌కు వచ్చిన చేపలది. డి.ఎన్.ఏ. చేప ఎవరో చెబుతుంది గానీ, బతికి ఉన్నదో లేదో చెప్పదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(i) ఖాళీ నమూనా ఉద్దేశం ఏమిటి?
(ii) ఒక సీసాలో దొరికే అవకాశం సగం ఉంటే, నాలుగు సీసాలలోనూ తప్పిపోయే అవకాశం ఎంత?

6. ఉనికి నుంచి పరిమాణానికి

మత్స్య నిర్వహణకు "ఏ చేప ఉంది?" అన్నది చాలదు. "ఎంత ఉంది?" అన్నది కావాలి. ఇక్కడ పని కష్టమవుతుంది. నీటిలోని డి.ఎన్.ఏ. పరిమాణం చేపల సంఖ్య మీద మాత్రమే ఆధారపడి ఉండదు. విడుదల, క్షీణత, ప్రవాహం అనే మూడు అంశాలు దానిని మారుస్తాయి.

విడుదల: శరీర బరువులో ఒక్కో గ్రాముకు లెక్కిస్తే పెద్ద చేపల కంటే చిన్న చేపలు ఎక్కువ డి.ఎన్.ఏ. వదులుతాయి. గుడ్లు పెట్టే కాలంలో గుడ్లు, శుక్రం వల్ల నీటిలో డి.ఎన్.ఏ. ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు చేపల సంఖ్య పెరిగిందనుకుంటే పొరపాటు.

క్షీణత: వెచ్చని నీటిలో క్షీణత వేగంగా జరుగుతుంది. చల్లని సముద్రంలో కొలిచిన రేటును బంగాళాఖాతానికి యథాతథంగా వర్తింపజేయరాదు.

ప్రవాహం: మైజురు అఖాతంలో పంజరంలో ఉంచిన చేపలతో చేసిన ప్రయోగంలో, డి.ఎన్.ఏ. దొరికిన నమూనాలలో అత్యధికం పంజరానికి 30 మీటర్ల లోపలివే. ప్రశాంతమైన అఖాతంలో పరిస్థితి అది. బలమైన ప్రవాహాలున్న చోట జాడ మరింత దూరం కొట్టుకుపోవచ్చు.

ఇన్ని చిక్కులున్నా, పెద్ద ఎత్తున నమూనాలు తీసినప్పుడు ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. నైరుతి గ్రీన్‌లాండ్‌లో 188 నుంచి 918 మీటర్ల లోతులో ట్రాల్ వలలో పడిన 28 చేప కుటుంబాలలో 26 నీటి నమూనాలలోనూ కనిపించాయి. వలలో పడని మూడు కుటుంబాలు నీటిలో అదనంగా దొరికాయి. 2019లో అమెరికా పశ్చిమ తీరంలో పసిఫిక్ హేక్ చేపల ధ్వని సర్వే జరిగినప్పుడు, అదే నౌక నుంచి వివిధ లోతులలో నీరు కూడా తీశారు. తీరాన్ని అక్షాంశాల వారీగా పెద్ద భాగాలుగా విభజించి చూస్తే రెండు పద్ధతుల అంచనాలు బాగా సరిపోయాయి. చిన్న చిన్న ప్రదేశాలుగా విడగొట్టి చూస్తే అంతగా సరిపోలేదు.

దీని అర్థం ఏమిటి? ఒక సీసా చూసి "ఇక్కడ ఇన్ని టన్నులు" అనలేము. విశాలమైన ప్రాంతంలో ఒకే పద్ధతిలో అనేక నమూనాలు తీసి, ఏటా పోల్చుకుంటూ పోతే నిల్వ పెరుగుతోందా, తగ్గుతోందా అన్న ధోరణి తెలిసే అవకాశం ఉంది. ఈ డి.ఎన్.ఏ. కొలతను టన్నులలోకి మార్చాలంటే వల లేదా ధ్వని సర్వే ప్రమాణంగా పక్కన ఉండాలి.

7. పరిమితులు

(అ) వయసు, పొడవు తెలియవు. నిల్వ అంచనాలో ఇది ముఖ్యమైన లోటు. పది టన్నుల వంజరం అంటే ఒకసారి గుడ్లు పెట్టిన పెద్ద చేపలా, ఇంకా పెట్టని పిల్లలా అన్నదానిపై వచ్చే సంవత్సరపు వేట ఆధారపడి ఉంటుంది. దానికి చేపను కొలవాలి, చెవిరాయిలోని వలయాలను లెక్కించాలి.

(ఆ) దగ్గరి జాతులను వేరుచేయడం కష్టం. టూనా ప్రజాతిలోని జాతులలో 12ఎస్ భాగం దాదాపు ఒకేలా ఉంటుంది. అటువంటప్పుడు మరో జన్యుభాగాన్ని కూడా పరీక్షించాలి.

(ఇ) మెటాబార్‌కోడింగ్‌లో ప్రైమర్లు కొన్ని జాతుల డి.ఎన్.ఏ.కు బాగా, కొన్నిటికి తక్కువగా అతుక్కుంటాయి. కాబట్టి యంత్రం ఇచ్చే శాతాలను నేరుగా చేపల శాతాలుగా చదవరాదు.

(ఈ) బయటి నుంచి వచ్చే డి.ఎన్.ఏ. మార్కెట్లు, చేపల శుద్ధి కేంద్రాలు, మురుగునీరు, నదీముఖాలు దీనికి మూలాలు.

8. మన తీరానికి అన్వయం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని కాపాడటం దీని ఉద్దేశం. ఆ రెండు నెలలు పడవ మీద పనిచేసే కుటుంబానికి ఆదాయం ఉండదు. వారి త్యాగానికి తగిన ఫలితం నీటిలో కనిపిస్తోందా అని అడిగే హక్కు వారికి ఉంది.

ఇక్కడొక చిక్కు ఉంది. మనకు ఉన్న ప్రధాన సమాచారం రేవులకు వచ్చే చేపలదే. నిషేధ కాలంలో యాంత్రిక పడవలు రావు కాబట్టి, సరిగ్గా మనం చూడదలచిన సమయంలోనే ఆ సమాచారం చాలావరకు ఆగిపోతుంది. నీటి నమూనాకు వల అవసరం లేదు. ఒక చిన్న పడవ, కొన్ని సీసాలు, వడపోత పరికరం ఉంటే నిషేధానికి ముందు, నిషేధ కాలంలో, ఆ తరువాత ఒకే చోట్ల నుంచి నీరు తీయవచ్చు. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు ఏ వారాలలో ఏ ప్రాంతాలలో ఉన్నాయో చూపవచ్చు. అయితే ఆరవ విభాగంలో చెప్పిన హెచ్చరిక ఇక్కడ గట్టిగా వర్తిస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో డి.ఎన్.ఏ. పెరగడం నిల్వ పెరిగిందనడానికి రుజువు కాదు. ఒక సంవత్సరపు మే నెలను మరో సంవత్సరపు మే నెలతోనే పోల్చాలి.

నమూనా స్థలాల ఎంపికలోనూ స్థానిక పరిజ్ఞానం కావాలి. విశాఖపట్నం వంటి పెద్ద చేపల రేవులో పడవలు కడిగిన నీరు, కరిగిన మంచునీరు సముద్రంలో కలుస్తాయి. రేవు ముంగిట తీసిన నమూనా మార్కెట్‌ను చూపుతుంది గానీ సముద్రాన్ని కాదు. గోదావరి, కృష్ణా డెల్టాలలోని చేపల చెరువుల నీరు మురుగు కాలువల ద్వారా సముద్రానికి చేరుతుంది. తీరపు నమూనాలో బొచ్చె, శీలావతి డి.ఎన్.ఏ. కనిపిస్తే అవి సముద్రంలో ఈదుతున్నాయని ఎవరూ అనుకోరు. కానీ రేవు నుంచి కొట్టుకువచ్చిన చందువ డి.ఎన్.ఏ. విషయంలో అంత తేలికగా పట్టుకోలేము. ఆ చేప సముద్రంలోనూ ఉంటుంది కాబట్టి తప్పు కనిపించకుండా పోతుంది.

ఈ పనికి అవసరమైన నైపుణ్యం మనకు దూరంగా లేదు. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి.కి చెందిన వన్యప్రాణి ప్రయోగశాల, నీటి నమూనాల నుంచి జీవవైవిధ్యాన్ని అంచనా వేసే పర్యావరణ డి.ఎన్.ఏ. పద్ధతిని అభివృద్ధిచేసి, ఒడిశాలోని చిలికా సరస్సులో పరీక్షించింది. జపాన్‌లో దేశవ్యాప్తంగా ఒకే పద్ధతిలో నీటిని సేకరించే ఎనిమోన్ అనే వ్యవస్థ పనిచేస్తోంది. దాని సమాచారాన్ని 2022 నుంచి అందరికీ అందుబాటులో ఉంచారు. ఒకేసారి చేసే పెద్ద సర్వే కంటే, చిన్నదైనా ఏళ్ల తరబడి ఒకే రీతిలో సాగే సేకరణకు విలువ ఎక్కువ. మైజురు అధ్యయనానికి బలం ఇచ్చింది యంత్రం ఒక్కటే కాదు, దాని వెనుక ఉన్న 14 సంవత్సరాల ఓపిక కూడా.

9. సారాంశం

పట్టుబడి లెక్కలు మాత్రమే చూసి నిల్వను అంచనా వేస్తే ప్రమాదం ఉందని కాడ్ ఉదంతం చూపింది. పర్యావరణ డి.ఎన్.ఏ. వలతో సంబంధం లేని సాక్ష్యం ఇస్తుంది. "ఏ చేప?" అన్న ప్రశ్నకు అది బాగా జవాబు చెబుతుంది. "ఎంత?" అన్న ప్రశ్నకు విశాల ప్రాంతంలో, ఇతర పద్ధతుల తోడుతో కొంతవరకు చెబుతుంది. "ఏ వయసు, ఏ పొడవు?" అన్న ప్రశ్నకు చెప్పదు. కాబట్టి ఇది రేవులోని లెక్కకు, సర్వే నౌకకు ప్రత్యామ్నాయం కాదు. వాటి మాటను సరిచూసే మరో సాక్షి.

10. కీలక పదాలు

మత్స్య నిల్వ: ఒక ప్రాంతంలో ఒకే సమూహంగా సంతానోత్పత్తి జరుపుకునే ఒక జాతి చేపల మొత్తం.
ప్రైమర్: పి.సి.ఆర్.లో వర్ధనం మొదలయ్యే చోటును నిర్ణయించే చిన్న డి.ఎన్.ఏ. ముక్క.
మెటాబార్‌కోడింగ్: ఒకే నమూనాలోని అనేక జాతులను డి.ఎన్.ఏ. అక్షరక్రమం ద్వారా ఒకేసారి గుర్తించే పద్ధతి.
ఖాళీ నమూనా: కలుషితాన్ని కనిపెట్టడానికి శుద్ధజలంతో చేసే సమాంతర పరీక్ష.

11. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. పర్యావరణ డి.ఎన్.ఏ. పద్ధతిలోని దశలను వివరించండి.
2. డి.ఎన్.ఏ. పరిమాణం నుంచి చేపల పరిమాణాన్ని అంచనా వేయడంలోని ఇబ్బందులను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానం రాయండి.
1. మైజురు అఖాతంలోని అధ్యయన ఫలితాలను విశ్లేషించండి.
2. ధ్వని సర్వే, పర్యావరణ డి.ఎన్.ఏ. పరస్పరం ఎలా తోడ్పడతాయి?

III. అనువర్తన ప్రశ్న
వరదల కాలంలో పులస సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుతుంది. అది నదిలో ఎంత దూరం వస్తోందో నీటి నమూనాల ద్వారా తెలుసుకోవాలి. నమూనాలు ఎక్కడ, ఏ నెలలలో, ఎన్నెన్ని తీస్తారు? నది ప్రవాహం, ఒడ్డున జరిగే పులస అమ్మకాలు మీ ఫలితాలను ఎలా తప్పుదారి పట్టించవచ్చో, దానిని ఎలా నివారిస్తారో రాయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
1. (i) మిగిలిన చేపలు గుంపులుగా చేరడం, వేట పరికరాలు మెరుగవడం వల్ల. (ii) దొరికిన జాడ ఇటీవలిదని చెప్పవచ్చు.
2. (i) సేకరణలోనూ ప్రయోగశాలలోనూ జరిగే కలుషితాన్ని కనిపెట్టడం. (ii) 1/16.